ఒక్క కునుకు దూరం

గన్నవరం నుంచి విశాఖపట్నానికి విమానంలో ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే నేను సరిగ్గా చెప్పలేను. ఎక్కాను, దిగాను. గంట అన్నారు కొందరు, గంట కూడా పట్టదన్నారు ఇంకొందరు. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి విమానమెక్కి, దాన్ని కాస్తా నిద్రలో పోగొట్టుకున్న మనిషిని నేను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం.

ఎనభైల చివరి మాట ఇది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు అడవిలోకి పోతే వచ్చే ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను నర్సును. ఎంతమంది నర్సులు ఉండాలో బోర్డు మీద రాసి ఉండేది. ఉన్నది మాత్రం నేనొక్కదాన్ని. వానలు మొదలయ్యాయంటే చలిజ్వరాలు, వానలు వెలిశాయంటే ఇంకా ఎక్కువ చలిజ్వరాలు. మంచాలు చాలక జనం వరండాలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు. పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ అని వేరేగా ఏమీ లేవు. ఎవరైనా తలుపు కొడితే డ్యూటీ, కొట్టకపోతే నిద్ర. కొట్టని రాత్రి ఒకటుందేమో, నాకు గుర్తులేదు.

మా ఆయన విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా. పెళ్ళి మాటలప్పుడు "ఎంతలే, రెండేళ్ళు ఓపిక పడితే ట్రాన్స్‌ఫర్ అదే వస్తుంది" అని పెద్దవాళ్ళు తేలిగ్గా చెప్పుకున్నారు. ఆ రెండేళ్ళు ఎంతకీ పూర్తి కాలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ నా చెప్పులు అరిగాయి. "నీ బదులు వచ్చేవాళ్ళని చూసుకోమ్మా, సంతకం పెట్టేస్తాం" అనేవాళ్ళు. ఆ అడవికి నా బదులు ఎవరొస్తారు? ఆయన ఉద్యోగం మానేసి రావడమా, నేను మానేసి పోవడమా అని ఇద్దరం ఎన్నోసార్లు అనుకున్నాం. ఒక్క జీతంతో ఇల్లు గడిచేది కాదు. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

పాప మొదట నా దగ్గరే ఉండేది. ఏడాదిన్నర వయసులో మలేరియా వచ్చింది, తగ్గింది. మళ్ళీ వచ్చింది. రెండోసారి ఫిట్సు వచ్చి నా చేతుల్లోనే బిగుసుకుపోయింది. ఊరందరికీ మాత్రలు మింగించేదాన్ని, నా బిడ్డను ఒక దోమ కుట్టకుండా ఆపలేకపోయాను. బతికింది, అదే పదివేలు అనుకున్నాను. మా అత్తగారు విశాఖ నుంచి వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా, పాపను భుజాన వేసుకుని తీసుకుపోయింది. ఏదైనా అని ఉంటేనే నాకు బాగుండేది.

అప్పటినుంచి నాది బస్సుల బతుకు. నెలకో నెలన్నరకో నాలుగు రోజులు సెలవు దొరికేది. రాత్రంతా దవాఖానాలో మెలకువగా ఉండి, తెల్లారగానే రోడ్డు మీదికొచ్చి నిలబడేదాన్ని. భద్రాచలం దాకా ఒక బస్సు. అక్కడినుంచి ఘాట్ల మీదుగా రాజమండ్రికి ఇంకో బస్సు. రాజమండ్రి నుంచి విశాఖకు మరోటి. వానలకు ఘాట్ రోడ్డు మూసేస్తే కొత్తగూడెం, ఖమ్మం, బెజవాడ మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. ఎటునుంచి పోయినా ఒళ్ళు హూనమే. బస్సు కదిలిందంటే చాలు నాకు నిద్ర పట్టేది, కానీ అదీ ఒక నిద్రేనా? కిటికీ ఊచకు తల కొట్టుకోవడం, పక్కామె భుజం మీద వాలిపోవడం, ఆమె విసుక్కోవడం. మెడ మీద తల ఉందో ఊడిందో తెలిసేది కాదు.

అలా మర్నాడు పొద్దుటికి దిగేదాన్ని ఇంటికి. పాప గుమ్మంలో ఉండేది. ఎత్తుకుని రెండు ముద్దులు పెట్టుకుని, అత్తగారు పెట్టింది తిని, కాస్త నడుం వాలుద్దామని చాప మీద వాలితే, ఇక లేచేసరికి సాయంత్రం. రాత్రి మళ్ళీ నిద్ర. మర్నాడు మధ్యాహ్నం కాంప్లెక్సులో తిరుగు బస్సు. విశాఖ వాళ్ళు బస్టాండును కాంప్లెక్సు అంటారు.

ఆ కాంప్లెక్సులో పాపకు ఒక పని ఉండేది. మన బస్సుల సంగతి తెలిసిందే కదా, కిటికీలోంచి సీటు మీద కర్చీఫు వేశామంటే ఆ సీటు మనది. దేవుడొచ్చినా లేవాల్సిందే. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే మా ఆయన పాపను ఎత్తి పట్టుకునేవాడు. అది నా కర్చీఫును ఊచల మధ్యనుంచి గురిచూసి సీటు మీదికి విసిరేది. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. "అమ్మకి సీటు దొరికింది!" అని చప్పట్లు కొట్టేది. నన్ను పంపించే పనిని నా కూతురు అంత సంబరంగా చేస్తుంటే నేను కూడా నవ్వేదాన్ని. ఏం చెయ్యను మరి.

పాపకు ఐదో ఏడు నడుస్తున్నప్పుడు ఒకసారి పోయాను. పక్కింటావిడకు కబుర్లంటే మహా ఇష్టం. పాప గడ్డం పట్టుకుని, "మీ నాన్న ఏటి చేస్తాడే?" అని అడిగింది.

"ఆఫీసుకెళ్తాడు."

"మరి మీ నానమ్మ?"

"అన్నం వండుతాది."

"మీ అమ్మో?"

నర్సు అంటుంది, సూదులు వేస్తుందంటుంది అని నేను వింటున్నాను. పాప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తొంగుంటాది," అంది. పడుకోవడాన్ని వాళ్ళ వైపు అలాగే అంటారు.

పక్కింటావిడ పడీపడీ నవ్వింది. అత్తగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. తర్వాత పెరట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. నా బిడ్డకు నేనంటే చాప మీద పడి ఉండే ఒక మనిషిని. ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిస్తే ఆ మనిషి ముఖం కూడా అక్కర్లేకుండా పోతుంది. నాకు అప్పుడు కావలసింది ట్రాన్స్‌ఫర్ కూడా కాదు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, మెలకువగా దాని ఎదురుగా కూర్చోవాలి.

ఆ రాత్రి మా ఆయనతో అదే అన్నాను. ఆయన మాటల మనిషి కాదు. ఏదైనా బాధ చెప్పుకుంటే వెంటనే లెక్క వేస్తాడు. లేచి మేనల్లుడి పాత అట్లాసు తెచ్చాడు, స్కేలు తెచ్చాడు, బెజవాడ మీద ఒక వేలు, విశాఖ మీద ఒక వేలు పెట్టాడు.

"సూడు. రైలుకైనా బస్సుకైనా ఇన్ని వంకర్లు. విమానానికి వంకరేటి? సూటిగా గీత. గంటలో దిగిపోతావు. దిగినదానివి దిగినట్టు పాపతో ఆడుకోవచ్చు."

"బాగానే ఉంది. మరి దుమ్ముగూడెంలో ఎక్కడ ఎక్కాలండీ మీ విమానం? గోదారి రేవులోనా?"

ఆయన స్కేలు పక్కన పెట్టాడు. గీత గీసినంతమేరా లెక్క సరిగ్గానే ఉంది. గీత మొదలయ్యే చోటికి నేను చేరడమే ఒకటిన్నర రోజు. అయినా ఆయన వదల్లేదు. "మధిరలో మీ అమ్మోలింటి కాడ రాత్రికి ఆగిపో. నిండా పడుకో. తెల్లారి రైలెక్కి బెజవాడ, అక్కణ్ణుంచి గన్నవరం. టిక్కెట్టు సంగతి నాకొదిలేయ్," అన్నాడు. నాలుగు నెలలు ఓవర్‌టైం చేశాడు ఆ టిక్కెట్టు కోసం. మనిషి చిక్కిపోయాడు.

నేను విమానంలో పోతున్నానని తెలిసి దవాఖానాలో పెద్ద తిరునాళ్ళే అయింది. మా ఆయాకు నామీద ప్రేమ ఎక్కువ. నేను ఊరికి పోతున్నానంటే దారిలోకి అన్నం మూట తనే కట్టేది. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడి అడిగింది.

"ఎన్ని పూటల దారి సిస్టరమ్మా?"

"విమానం పూట కాదే, గంటే."

"గంటనా? గంత జల్దీ పోయి ఏం చేస్తవ్? నడుమల ఆపుతడా?"

"ఆపడు."

"ఆపకుంటే ఒంటికొస్తే ఎట్ల? ఏందో, నాకైతే భయమైతాంది," అని పెదవి విరిచి, రెండు పూటలకు సరిపడా పులిహోర కట్టి ఇచ్చింది. నేను కాదనలేదు.

మధిరలో అమ్మావాళ్ళింట్లో పడుకున్నాను కానీ నిండా ఎక్కడ? విమానం తప్పిపోతుందేమోనని గంటగంటకీ లేచి కూర్చున్నాను. తెల్లారి రైల్లో నిలబడే బెజవాడ పోయాను. గన్నవరం చేరేసరికి కళ్ళు మండుతున్నాయి, చేతిలో పులిహోర మూట ఉంది.

అక్కడ నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. తలుపులు తీసి, నడుచుకుంటూ విమానం దగ్గరికి పొమ్మన్నారు. మిగతావాళ్ళంతా పెళ్ళికి పోతున్నట్టు తీరిగ్గా నడుస్తున్నారు. వీళ్ళకేం పిచ్చా, సీట్లు అయిపోవూ అనుకుని, నేను కొంగు నడుముకు బిగించి అందరినీ దాటుకుంటూ పోయాను. అందరికంటే ముందు మెట్లెక్కి, కిటికీ పక్కన మంచి సీటు చూసి, దాని మీద కర్చీఫు వేసి, సంచి పైన పెట్టుకుంటున్నాను. వెనకనుంచి సఫారీ డ్రెస్సు ఆయనొకడు వచ్చి, "అమ్మా, ఇది నా సీటండీ," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "కర్చీఫు కనపడట్లేదా?" అన్నాను.

ఆయన నిజంగానే కర్చీఫును చూశాడు, నన్ను చూశాడు. ఈలోగా విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, నా చేతిలో చీటీ తీసుకుని, దాని మీద అంకె చూపించి, నా సీటు ఇంకోటని మెల్లగా చెప్పింది. చీటీ మీద సీటు రాసి ఇస్తారని నాకెవరు చెప్పారు? సిగ్గుతో చచ్చాననుకోండి. కర్చీఫు తీయబోతుంటే ఆ పెద్దమనిషే నవ్వి, "ఉండనివ్వండమ్మా, మీరే కూర్చోండి. బస్సుల్లో సీటు కోసం పడే బాధ నాకూ తెలుసు. నేను మీ సీట్లో కూర్చుంటాను," అన్నాడు. నా సీటు దాని పక్కదే.

కూర్చున్నాను. అలవాటు చొప్పున, "వైజాగ్ వస్తే కాస్త లేపండి," అని ఆయనతో అన్నాను.

"ఇది అక్కడితో ఆఖరమ్మా. దాటిపోదు," అన్నాడు.

ఏదో గర్రుమని మోగింది. కింద చక్రాలు కదిలాయి. కదిలిందంటే చాలు కదా నాకు. పైకి లేవడం తెలియదు, మేఘాలు తెలియవు, పైనుంచి గోదావరి అంత బాగుంటుందట, అదీ తెలియదు. దడేల్మని ఒక కుదుపుకు కళ్ళు తెరిస్తే కిటికీలో విశాఖ కొండ కనపడింది. పక్కాయన చాక్లెట్ ఒకటి నా చేతిలో పెట్టి, "మీకివ్వమని ఆ అమ్మాయి ఇచ్చిందమ్మా, లేపబుద్ధి కాలేదు," అన్నాడు.

కానీ ఒక్కటి చెప్పాలి. ఆ నిద్ర నిద్రంటే నిద్ర. తల ఎక్కడా కొట్టుకోలేదు, ఎవరూ విసుక్కోలేదు. మెట్లు దిగుతుంటే ఒళ్ళు దూదిలా ఉంది. ఎన్నేళ్ళయిందో అంత తేలిగ్గా నడిచి. మా ఆయన గేటు బయట నిలబడి ముందు నా కళ్ళు చూశాడు. "ఎర్రగా లేవు," అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం కాలేదు. పాప గుమ్మంలో లేదు. లోపలికి పోతే మధ్య గదిలో చాప పరిచి ఉంది. తలదిండు పెట్టి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. చాప మధ్యలో, నాలుగు మూలలూ సరిచేసి, నేను కిందటిసారి మరిచిపోయిన నా ఇంకో కర్చీఫు పరిచి ఉంది. పాప పక్కనే కాపలా కూర్చుంది.

"పొద్దున్నుంచి ఎవర్నీ కూకోనివ్వట్లేదమ్మా. అమ్మ సీటట," అంది అత్తగారు.

నేను సంచి పడేసి పాపను ఎత్తుకున్నాను. "ఈసారి నాకు నిద్ర రావట్లేదే బంగారూ. ఆడుకుందాం పద. ఏం ఆట కావాలి నీకు?"

అది సంబరపడుతుందనుకున్నాను. నా మొహంలోకి కాసేపు చూసింది. నా చేతుల్లోంచి కిందికి జారి, "నానమ్మా, అమ్మ తొంగోట్లేదు!" అని ఏడుపు అందుకుంది. ఎంత సముదాయించినా వినదే! బొమ్మ తీసుకొస్తే విసిరేసింది. చాక్లెట్ ఇస్తే తీసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని చాప వైపు లాగుతూ, "తొంగో, అమ్మా తొంగో," ఇదే మాట.

ఇక చేసేదేముంది? పడుకుని కళ్ళు మూసుకున్నాను. ఇంత ఖర్చు, ఇంత తిప్పలు, ఇందుకా అనిపించింది. ఏడుపు ఆగింది. చిన్న చెయ్యి ఒకటి నా భుజం మీద జోకొట్టడం మొదలుపెట్టింది. అత్తగారు వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తే పాప "ష్!" అంది. కాసేపటికి నా చెవి దగ్గర గుసగుసగా మాటలు వినపడ్డాయి.

మొదట ఎవరితోనో అనుకున్నాను. నాతోనే. బళ్ళో ఒక పిల్ల తన పలక పగలగొట్టిందట. నానమ్మ వంకాయ తినమంటుందట, తను ఎవరూ చూడకుండా పిల్లికి పెడుతుందట, పిల్లి కూడా తినదట. పై పన్ను కదులుతోందట. ఆగీ ఆగీ, ఒక్కోటీ చెప్పుకుంటూ పోతోంది. కొన్ని మాటలు "మొన్న చెప్పాను కదా" అని మొదలవుతున్నాయి. అంటే నేను పీనుగులా పడి నిద్రపోయిన ఆ మధ్యాహ్నాలన్నీ ఇది నాతో మాట్లాడుతూనే ఉందన్నమాట. నేను ఒక్కటీ వినలేదు. కళ్ళు తెరిచి దాన్ని దగ్గరికి లాక్కోవాలనుకుని కాస్త కదిలాను. చిన్న చెయ్యి గబుక్కున నా కళ్ళు మూసింది.

"లేవకమ్మా. లేస్తే బస్సొచ్చేస్తాది."

నేను లేవలేదు. సాయంత్రం దాకా అలాగే పడుకున్నాను, మెలకువగా, కళ్ళు మూసుకుని. కళ్ళలోంచి నీళ్ళు దిండు మీదికి కారుతుంటే, అది తన గౌను అంచుతో తుడిచి, "కలొచ్చిందేటి?" అని తనలో తనే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కాంప్లెక్సుకు పోయాం. విమానం సరదా ఒకవైపుకే, తిరుగు ప్రయాణం మామూలు రాజమండ్రి బస్సే. ఆ రోజు బడి లేకపోయినా పాప తన బడి కర్చీఫును గౌనుకు పిన్నీసుతో పెట్టించుకుంది. సోకులే అనుకున్నాం. బస్సు వచ్చింది. మా ఆయన ఎత్తి పట్టుకున్నాడు. నా కర్చీఫు ఎప్పటిలాగే సీటు మీద పడింది. ఆయన దించబోతుంటే, "ఉండు నాన్నా," అని గౌనుకున్న చిన్న కర్చీఫును పిన్నీసుతో సహా పీకి, నాదాని పక్కన విసిరింది.

"రెండు సీట్లు దొరికాయి!" అని చప్పట్లు కొట్టింది.

మా ఆయన నావైపు చూడలేదు. నేను బస్సెక్కి కూర్చున్నాను. పాప తనను కూడా ఎక్కిస్తారని నాన్న చంకలో నవ్వుతూనే ఉంది. బస్సు వెనక్కి కదిలాక నాన్న మొహం చూసింది, నా మొహం చూసింది. అప్పుడు అర్థమైంది దానికి. "నా సీటు! నా సీటు నాన్నా!" అన్న అరుపు బస్సు రోడ్డెక్కేదాకా వినపడింది.

కండక్టరు వచ్చాడు. ఒక ఫుల్లు, ఒక హాఫు ఇమ్మన్నాను.

"పిల్లేదమ్మా?"

"ఉంది, ఇవ్వు బాబూ," అన్నాను. పక్క సీటు మీది చిన్న కర్చీఫును, నా మొహాన్ని చూసి ఇంకేమీ అడగకుండా టిక్కెట్లు కొట్టాడు.

అనకాపల్లిలో జనం కుక్కుకుని ఎక్కారు. గంపతో ఒక ముసలావిడ వచ్చి నా పక్కన నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి పాపం. "అది ఖాళీయే కదమ్మా?" అంది, కర్చీఫున్న సీటు చూపించి.

తీయడానికి చెయ్యి చాపాను కానీ తీయలేకపోయాను. "కాదవ్వా. నువ్విక్కడ కూర్చో," అని నేను లేచాను. చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకున్నారో ఏమో. పైన కడ్డీ పట్టుకుని ఆ చిన్న కర్చీఫును చూస్తూ నిలబడ్డాను. కాళ్ళు పీకాయి కానీ నిద్ర మాత్రం రాలేదు. ఎలమంచిలి, నక్కపల్లి, పాయకరావుపేట, తుని. ఆ దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరు వస్తుందో నేను కళ్ళతో చూసింది ఆ ఒక్కసారే.